అరవై వేల ఆటల పెట్టె

కంప్యూటరు కొనడం ఒక ఎత్తు, కట్టించుకోవడం ఒక ఎత్తు. కొనడానికి డబ్బుంటే చాలు. కట్టించుకోవాలంటే డబ్బుతో బాటు ఓపికా, లెక్కా, కాస్త మొండితనమూ కూడా ఉండాలి. ఇంట్లో ఇంజనీరింగు చదివే కుర్రవాడున్న తల్లులు ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్నారు: "మావాడు ఆటలాడుకునే కంప్యూటరు కావాలంటున్నాడండీ. సామాను విడివిడిగా తెచ్చి తనే బిగించుకుంటాడట! ఇందులో మోసపోవడం లాంటిదేమీ లేదు గదా?" అని.

మోసపోవడం సంగతి తరవాత చూద్దాం. ముందు డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ బిగబట్టాలో తెలియాలి. నాకీ విషయంలో కొద్దో గొప్పో జ్ఞానం కలగడానికి కారణం మా చెల్లెలి కొడుకు. వాళ్ళది సిద్దిపేట. వాడు మా ఇంట్లో ఉండి సివిల్ ఇంజనీరింగు చదువుతున్నాడు. మేము ఉండేది సికింద్రాబాదు కార్ఖానాలో. పేరుకు కార్ఖానాయే గాని మా ఇంట్లో కార్ఖానా నడిచింది మాత్రం 2024 వేసవిలో ఒక్క రోజే, అదీ మా భోజనాల బల్ల మీద!

మొత్తం డబ్బు 60 వేలు. అందులో 42 వేలు మా చెల్లెలు చీటీ ఎత్తి ఇచ్చింది. చీటీ ఎత్తడమంటే తెలుసు గదా, డబ్బు ఇవాళ చేతికొస్తుంది, వాయిదాలు మాత్రం చివరి నెలదాకా కట్టుకుంటూ పోవాలి. మిగతా 18 వేలు మా వాడి సొంత సంపాదన. ఏడాదిపాటు సాయంత్రాలు మా వీధిలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టాడు. అంచేత అరవై వేలు దాటి ఒక్క రూపాయి కూడా లేదు. తక్కువపడితే అడగడానికి మరో మనిషీ లేడు.

మా మరిదిగారు సహకార బ్యాంకులో లెక్కల గుమాస్తా. ఆయన సిద్దిపేట నుంచి బయలుదేరి స్వయంగా వచ్చారు. "ఈ ముక్కలూ చెక్కలూ ఎందుకు వదినగారూ! మంచి కంపెనీ ల్యాప్‌టాప్ ఒకటి కొంటే పోలా?" అన్నారు. ల్యాప్‌టాప్‌తో సుఖం లేకపోలేదు. చంకన పెట్టుకుని కాలేజీకి తీసుకుపోవచ్చు. కాని ఆటల కోసమైతే అదే డబ్బుకు బల్ల మీది పెట్టె ఎక్కువ పని చేస్తుంది. రెంటిలోనూ ఒకే పేరుగల కార్డు ఉన్నా, ల్యాప్‌టాప్‌లో దానికి వేడి తగలకుండా కరెంటు తగ్గించి ఇస్తారు. రేపు ఏదైనా చెడితే ఆ ముక్క ఒక్కటీ మార్చడం కూడా కష్టమే. మావాడికి కాలేజీ పనికి పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉండనే ఉంది. కనక ఆ వాదం అంతటితో ఆగింది.

అసలు వాదం ఆ రాత్రి మొదలైంది. మావాడు ఒక కాగితం మీద జాబితా రాసి తండ్రి ముందు పెట్టాడు. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఇదేమిట్రా! కంప్యూటరుకు మెదడు లాంటి ప్రాసెసర్‌కు 8 వేలా, బొమ్మలు చూపించే కార్డుకు 20 వేలా? బుద్ధికన్నా సోకు ఎక్కువైందన్నమాట!" అన్నారు.

నిజానికి మీరైనా నేనైనా అలాగే అంటాం. అందరూ చేసేది అదే. ప్రాసెసర్ పేరు ఘనంగా ఉండాలని చూస్తారు. ఆటల పెట్టెకు లెక్క తిరగబడుతుంది. ఎందుకో మావాడు చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. అది మీకూ చెబుతాను.

సంక్రాంతి ముగ్గు తలుచుకోండి. మామూలు మానిటరు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. గుణిస్తే 20 లక్షల 73 వేల 600. ఆట ఆడుతుంటే ఈ చుక్కలన్నిటికీ సెకనుకు 60 సార్లు కొత్తగా రంగు వెయ్యాలి. అంటే సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలు! ఎవరు ఎటు పరుగెత్తారు, తూటా ఎవరికి తగిలింది, గోడ కూలిందా లేదా అన్నది తేల్చేది ప్రాసెసర్. అది ముగ్గు ఏది వెయ్యాలో చెప్పే అమ్మమ్మ. నడుం వంచి చుక్కలన్నీ పెట్టేది గ్రాఫిక్స్ కార్డు. వాకిలి పెద్దదయ్యేకొద్దీ అమ్మమ్మ పని అంతగా పెరగదు, ముగ్గు వేసేవాళ్ళ నడుం మాత్రం విరుగుతుంది. 4కె అనే పెద్ద రకం తెరలో సరిగ్గా నాలుగు రెట్లు, అంటే 82 లక్షల 94 వేల 400 చుక్కలు. అందుకే మావాడు ముందు తెర ఏదో తేల్చుకున్నాడు. 24 అంగుళాల మామూలు తెర చాలన్నాడు. దానికి సరిపోయే కార్డు ఎన్నుకున్నాడు. మిగిలినదాంట్లో మిగతావన్నీ సర్దాడు. చాలామంది ముందు కార్డు కొని, ఆ తరవాత దానికి మించిన తెర తెచ్చి, బొమ్మ తడబడుతోందని ఏడుస్తారు.

"అయితే చదువుకు ఈ కార్డు అవసరమా?" అని సూటిగా అడిగారు మా మరిదిగారు.

ఇక్కడ చాలామంది పిల్లలు అబద్ధమాడతారు. ప్రాజెక్టులంటారు, డిజైనంటారు. తల్లిదండ్రులకు తెలియని మాట ఏదో ఒకటి అడ్డం వేస్తారు. మావాడు ఒక్క క్షణం ఆగి, "అవసరం లేదు నాన్నా. మాకు ఇప్పుడున్న డ్రాయింగుకు చివర ఎఫ్ అనే అక్షరం లేని ఐ3 కొంటే చాలు. బొమ్మ దాన్లోంచే వస్తుంది. కార్డు ఆటలకే. అందుకే కార్డు నా 18 వేలల్లోంచి కొంటాను. మీ డబ్బు మిగతాదానికి," అన్నాడు.

మరి కార్డు 20,500 గదా? తక్కువపడిన 2,500 కోసం వాడు అప్పటికే జాబితాలో కోత కోసుకున్నాడు. సామాను దాచుకునే ఎస్.ఎస్.డి. 1 టి.బి.కి బదులు 500 జి.బి. చాలనుకున్నాడు. అక్కడ రెండు వేల చిల్లర మిగిలింది. రంగుల దీపాల కీబోర్డు మానేసి మామూలుది రాసుకున్నాడు. కాగితం మీద కొట్టివేతలు కనిపిస్తూనే ఉన్నాయి. మా మరిదిగారు ఆ కొట్టివేతలకేసి చాలాసేపు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మాట్లాడలేదు.

మర్నాడు ముగ్గురం బయలుదేరాం. కార్ఖానా నుంచి జూబ్లీ బస్ స్టేషను దాటుకుని పార్క్‌లేన్‌కు పోతే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అందరూ సి.టి.సి. అంటారు. కంప్యూటరు సామానుకు జంటనగరాల్లో పేరుపడ్డ చోటు. అగ్గిపెట్టెల్లాంటి కొట్లు, అట్టపెట్టెల గుట్టలు, మధ్యలో చేతిలో చీటీ పట్టుకుని తిరిగే మావాడి వయసు కుర్రాళ్ళు. అమ్మేవాళ్ళు తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఒకే వాక్యంలో మాట్లాడేస్తారు.

అయితే అక్కడికి చేరకముందే దారిలో ఒక దుకాణం బోర్డు మా మరిదిగారిని పట్టేసింది. 'ఐ7 ప్రాసెసర్, 16 జి.బి. ర్యామ్, 4 జి.బి. గ్రాఫిక్స్ కార్డు, మానిటరుతో సహా 35 వేలు మాత్రమే!' లోపల అద్దాల పెట్టెలో ఎరుపూ నీలమూ దీపాలు పెళ్ళి పందిరిలా వెలుగుతున్నాయి. ఆయన గుమ్మంలో నిలబడిపోయారు. చూడండి మరి, ఒక్కసారిగా పాతిక వేలు మిగులుతాయి! చీటీ వాయిదాలు ఎన్ని గడుస్తాయో ఆయన మనసులో లెక్క కట్టేసుకున్నారని ముఖం చూస్తేనే తెలిసింది. పైగా వీడు రాసుకున్నది ఐ3, అక్కడున్నది ఐ7. మూడుకన్నా ఏడు పెద్దదని చెప్పడానికి గుమాస్తా కానక్కరలేదు.

మావాడు దుకాణదారుణ్ణి ఒకటే అడిగాడు: "ఎన్నో తరం ఐ7 అన్నా?"

అతను కాస్త నీళ్ళు నమిలి, "నాలుగో తరం. సూపర్ కండిషన్," అన్నాడు.

నాలుగో తరం అంటే 2013 నాటిది. మావాడు అప్పుడు నాలుగో తరగతిలో ఉన్నాడు! ఈ తరం సంగతి ప్రతి తల్లీ తండ్రీ గుర్తు పెట్టుకోవలసిందే. ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఒకే ఏడు పుట్టినవాళ్ళలో చిన్నా పెద్దా తేడా చెబుతాయి గాని, ఏ ఏడు పుట్టారో చెప్పవు. ఆ వెనక ఉన్న అంకె చూడాలి. ఐ7-4770 అంటే నాలుగో తరం. మావాడి ఐ3-12100ఎఫ్ పన్నెండో తరం, 2022 లో వచ్చింది. పాత ఐ7లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. ఈ కొత్త ఐ3లోనూ సరిగ్గా అవే నాలుగూ ఎనిమిదీ. పని చేసే వేగం మాత్రం దీనిదే ఎక్కువ. విండోస్ 11 ఆ నాలుగో తరాన్ని అసలు తన జాబితాలోనే చేర్చుకోలేదు. విండోస్ 10 కి చూస్తే 2025 అక్టోబరు 14 తో మద్దతు ముగుస్తుందని అప్పటికే ప్రకటించేశారు, ఆ రోజు అది ముగిసింది కూడా.

పోతే ఆ '4 జి.బి. గ్రాఫిక్స్ కార్డు' కథ. 4 జి.బి. అన్నది కార్డు దగ్గరున్న సంచి కొలత. నడుం బలం కాదు. తీరా చూస్తే అది జి.టి. 730 అనే 2014 నాటి కార్డు. పాత సినిమాలు చూసుకోవడానికి నిక్షేపంలా పనికొస్తుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఉత్తరాలు రాసుకోవడానికీ, ఇంటి లెక్కలకూ ఎవరైనా అలాంటి పాత పెట్టె ఇంకా తక్కువకు కొనుక్కుంటే నేను తప్పు పట్టను. ఆటల పెట్టె అని చెప్పి 35 వేలకు అమ్మడమే నాకు రుచించలేదు. మా మరిదిగారు మాట్లాడకుండా గుమ్మం దిగారు. దిగాక మాత్రం, "నాలుగో తరగతిలో నువ్వు కొత్తగా ఉండేవాడివిరా," అన్నారు. ఆయన హాస్యమాడగా వినడం నాకదే మొదటిసారి.

సి.టి.సి.లో మూడు గంటలు తిరిగాం. మూడు నాలుగు కొట్లలో ధర అడిగి, ఒక్కో వస్తువూ తక్కువ చెప్పిన చోట తీసుకున్నాం. కార్డు ఆర్.ఎక్స్. 6600, 8 జి.బి.ది, 2021 లో వచ్చిన రకం. అందరూ మెచ్చుకునే ఆర్.టి.ఎక్స్. 4060 కొందామంటే దగ్గర దగ్గర తొమ్మిది వేలు ఎక్కువ. రైజెన్ 5 5600 అనే ఆరు కోర్ల ప్రాసెసర్ మీద కూడా మావాడి మనసు పోయింది గాని అక్కడా నాలుగు వేలు అదనం. మదర్‌బోర్డు హెచ్610. ఇది మిగతా భాగాలన్నీ గుచ్చుకునే పలక. దీనికి 12, 13, 14 తరాల ప్రాసెసర్లు పడతాయి కనక, ఉద్యోగం వచ్చాక ఐ3 తీసి ఐ5 పెట్టుకోవచ్చు. ఆ దారి తెరిచి ఉంచుకోవడం మంచిపని. ర్యామ్ 16 జి.బి.ని ఒకటే బద్దగా కాక 8 చొప్పున రెండు తీసుకున్నాడు. ఒక కొళాయికి బదులు రెండు విప్పినట్లు, సరుకు రెండు దారుల్లో వస్తుందట.

ఎస్.ఎం.పి.ఎస్. దగ్గర కాస్త ఆగుతాను. దీని పేరు ఎవరూ తలవరు, దీపాలు వెలగవు, బంధువులకు చూపించుకోవడానికి ఏమీ ఉండదు. గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటరుకు తగ్గట్టు మార్చి అందించే పెట్టె ఇది. క్యాబినెట్ కొంటే ఎస్.ఎం.పి.ఎస్. ఊరికే ఇస్తామన్నారు ఒక కొట్లో. 4 వేలు మిగులుతాయి గదా అని నాక్కూడా అనిపించింది. మావాడు ససేమిరా అన్నాడు. నాసిరకంది రాసుకున్నంత కరెంటు ఇవ్వలేదు, చెడితే ఒంటరిగా చెడదు, వోల్టేజి అదుపు తప్పి 20 వేల కార్డునూ వెంట తీసుకుపోగలదు. ఆ లెక్క కూడా వేసి చూపించాడు. కార్డు తినేది 132 వాట్లు. ప్రాసెసర్ మహా అయితే 89. ఫ్యాన్లూ మిగతావీ కలిపినా 300 దాటవు. నికరమైన 450 వాట్లది చాలు. వెనక పెద్ద కార్డు పెట్టుకునే వీలుండాలని 550 తీసుకున్నాడు. పెట్టె మీద '80 ప్లస్ బ్రాంజ్' అని ముద్ర ఉంది. లాగిన కరెంటులో ఎంత పనికొస్తోంది, ఎంత వేడిగా పోతోంది అన్నదానికి ఆ ముద్ర కొలమానం. మంచి ఎస్.ఎం.పి.ఎస్. కొన్నాక మూడో పిన్నులో ఎర్తు సరిగా లేకపోతే లాభం లేదు. పాత ఇళ్ళలో ఉండేవారు ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది చూపించుకోండి. క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమనడం ఆటలో భాగం కాదు!

క్యాబినెట్ ముందు భాగం అద్దానిది కాకుండా జల్లెడలా రంధ్రాలున్నది తీసుకున్నాం. మే నెల ఎండకు లోపలికి గాలి పోవాలి. కరీంనగరు పోయే రోడ్డు మా పక్కనే కనక ఆ జల్లెడ వెనక వడపోత గుడ్డ ఉన్నదే చూశాను. దుమ్ము దులిపేది నేను గదా!

బిల్లు దగ్గర మా మరిదిగారు విజృంభించారు. పక్కా బిల్లు లేకుండా అయితే కొంత తగ్గిస్తామన్నాడు ఒక కుర్రవాడు. "18 శాతం జి.ఎస్.టి. వేసి, ప్రతి వస్తువు సీరియల్ నంబరూ రాసి ఇవ్వు బాబూ," అని కూచున్నారాయన. పెట్టెల మీది నంబర్లూ బిల్లు మీది నంబర్లూ ఒక్కొక్కటే సరి చూశారు. రేపు కార్డు చెడితే వారంటీకి ఆ నంబరే సాక్షి. బ్యాంకు గుమాస్తా వెంట ఉంటే ఇదీ సౌకర్యం.

ఆ నాటి లెక్క ఇది: ప్రాసెసర్ 8,200, మదర్‌బోర్డు 6,700, ర్యామ్ 3,600, ఎస్.ఎస్.డి. 3,400, కార్డు 20,500, ఎస్.ఎం.పి.ఎస్. 4,000, క్యాబినెట్ 3,000, మానిటరు 8,900, కీబోర్డూ మౌసూ 1,200. వెరసి 59,500. మిగిలిన 500 తో ముగ్గురం బిర్యానీ తిని ఆటోలో ఇల్లు చేరాం. విండోస్‌కు వేరే ఖర్చు కాలేదు. కాలేజీ వాళ్ళు విద్యార్థులకిచ్చే లైసెన్సు ఉంది. మీ పిల్లల కాలేజీలోనూ అడగండి, లేకపోతే దానికో పద్దు వేసుకోక తప్పదు.

బిగించడం గురించి ఎక్కువ చెప్పను. మూడు గంటలు పట్టింది. మొదటిసారి మీట నొక్కితే తెర నల్లగానే ఉంది. మా చెల్లెలు ఫోనులో "అయ్యో!" అంటోంది. తీగ మదర్‌బోర్డు వెనక గుచ్చి ఉంది! ఎఫ్ రకం ప్రాసెసర్‌లో బొమ్మ పుట్టదు, మానిటరు తీగ కార్డుకే గుచ్చాలి. మార్చగానే వెలిగింది. ఇంకో చిన్న సంగతి. ఆ మానిటరు సెకనుకు 100 సార్లు బొమ్మ మార్చగలదు గాని, విండోస్‌లోకి పోయి ఆ 100 అన్నది మనం ఎంచుకోకపోతే 60 దగ్గరే కూచుంటుంది. డబ్బు పోసి కొన్నది వాడుకోకుండా ఏళ్ళు గడిపేవాళ్ళున్నారట.

మీ అబ్బాయో అమ్మాయో కృత్రిమ మేధ చదువుతుంటే మాత్రం మావాడి కార్డును అనుకరించకండి. ఆ చదువులో వాడే సాఫ్ట్‌వేర్ ఎక్కువభాగం ఎన్విడియా వారి కూడా మీద ఆధారపడి ఉంటుంది. అక్కడ కొంచెం ఎక్కువైనా ఆర్.టి.ఎక్స్. రకమే మేలు. బిల్లు లేని పాత కార్డుల జోలికి పోవద్దు. 2022 సెప్టెంబరులో ఇథీరియం తన పద్ధతి మార్చుకోగానే, రాత్రింబవళ్ళు ఆ నాణేలు తవ్విన కార్డులు కుప్పలుగా బజారుకొచ్చాయి. ఏది ఎంత శ్రమపడిందో పైకి తెలియదు.

ఇక నేనిచ్చిన లెక్క పట్టుకుని ఇవాళ బజారుకు బయలుదేరకండి, కొట్టువాడితో తగాదా వస్తుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు రెక్కలు కట్టుకుని ఎగిరాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్ద పెద్ద డేటా సెంటర్లు మెమొరీనంతా లాక్కుంటున్నాయి. క్రూషియల్ పేరుతో మనబోటివారికి ర్యామ్ అమ్ముతూ వచ్చిన మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారమే మానుకుంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఎస్.ఎస్.డి.ల ధరా దాని వెంటే పెరిగింది. కనక ఇప్పుడు కొనేవాళ్ళు ముందుగా ర్యామ్ ధర కనుక్కుని, అది పక్కన పెట్టాక మిగిలినదాంట్లో కార్డు చూసుకోవాలి. ఇంట్లో పాత కంప్యూటరు మూలపడి ఉంటే దాన్లో డి.డి.ఆర్.4 ర్యామ్ ఉందేమో చూడండి. ఉంటే పారెయ్యక, దానికి సరిపడే మదర్‌బోర్డు తీసుకోండి. పన్నెండో తరానికి డి.డి.ఆర్.4 బోర్డులూ ఉన్నాయి, డి.డి.ఆర్.5 బోర్డులూ ఉన్నాయి. ఒకదానిది మరోదానికి పట్టదు.

మావాడు ఆదివారాలు ఆడుతున్నాడు, మిగతా రోజుల్లో డ్రాయింగులూ దాని మీదే వేస్తున్నాడు. బిల్లు మాత్రం మా ఇంట్లో లేదు. మా మరిదిగారు సిద్దిపేట పట్టుకుపోయి చీటీ పుస్తకంలో దాచుకున్నారు. కార్డు వారంటీ 2027 వేసవిదాకా ఉందట. ఆ తారీఖు చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి ఉంచారని మా చెల్లెలు చెప్పింది.